ఆపరేషన్ బాగానే జరిగింది... ఆ తర్వాత?

తోలు పరిశ్రమకు పేరుపడ్డ వాణియంబాడి తమిళనాడులో ఉన్నా మనకు దూరమేమీ కాదు. కుప్పం వైపు నుంచి పాలారు సరిహద్దు దాటి దిగేది ఆ ప్రాంతంలోకే. 2023లో ఆ ఊళ్లోని ఒక పళ్ల క్లినిక్‌కి వెళ్లొచ్చిన పది మందికి అంతుచిక్కని జబ్బు పట్టుకుంది. జ్వరం, తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం. పది మందిలో ఎనిమిది మంది చనిపోయారు. వెల్లూరు సీఎంసీ డాక్టర్లు, ఐసీఎంఆర్ శాస్త్రవేత్తలు, తమిళనాడు ప్రజారోగ్య శాఖ కలిసి కూపీ లాగితే అది ఒక సెలైన్ సీసా దగ్గరికి చేరింది.

పన్ను పీకేటప్పుడు, చిగురు కోసేటప్పుడు ఆ చోటును కడగడానికి వాడే మామూలు సెలైన్ అది. దాని మూత తెరవడానికి అక్కడ వాడింది పెరియాస్టియల్ ఎలివేటర్. చిగురును ఎముక మీంచి పైకి లేపే పరికరం. దాన్ని శుద్ధి చేయలేదు. తెరిచిన సీసాను పారేయకుండా, వదులుగా మూసి, తర్వాత వచ్చినవాళ్లకీ అదే వాడుతూ పోయారు. మట్టిలో, బురదనీళ్లలో బతికే బర్కోల్డేరియా సూడోమల్లీ అనే బ్యాక్టీరియా అందులో చేరింది. అది తెచ్చే మెలియాయిడోసిస్ మామూలుగా పొలం పనుల్లో చర్మం గీరుకుపోయినచోట నుంచో, ఊపిరి ద్వారానో ఒంట్లోకి వస్తుంది. ఇక్కడ నోటిలోని పచ్చిపుండు దగ్గరికి నేరుగా వెళ్లి, నరాల దారిన మెదడుకెక్కింది. పంటి ఇన్ఫెక్షన్‌కి మామూలుగా రాసే అమాక్సిసిలిన్ దీని మీద పనిచేయదు. సెఫ్టాజిడిమ్, మెరోపెనెమ్ లాంటివి రక్తనాళంలోకి వారాల తరబడి ఎక్కించాలి, ఆ తర్వాత నెలల తరబడి మాత్రలు మింగాలి.

అదే ప్రాంతంలో, అదే కాలంలో ఈ బ్యాక్టీరియా మెదడుకెక్కిన కేసులు మొత్తం 21 దొరికాయి. క్లినిక్‌తో సంబంధం లేని పదకొండు మందిలో చనిపోయింది ఒక్కరే. ఆ సెలైన్ సీసా ఖరీదు సినిమా టికెట్టంత కూడా ఉండదు.

ఆపరేషన్ తర్వాత రోగి పరిస్థితి విషమిస్తే మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. బంధువులు ‘డాక్టర్ల నిర్లక్ష్యం’ అంటారు. డాక్టర్లు ‘కాంప్లికేషన్ అండీ, ఎవరికైనా రావచ్చు’ అంటారు. వార్త కూడా అక్కడే ఆగిపోతుంది. అద్దాలు పగులుతాయి, ధర్నా జరుగుతుంది, పరిహారం మాట్లాడుకుంటారు. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. మొదటి లక్షణం ఎప్పుడు కనిపించింది? దాన్ని ఎవరు చూశారు? చూశాక ఎంతసేపటికి కదిలారు?

ఈ ప్రశ్నకు అంత బరువెందుకో అమెరికాలో 2009లో వచ్చిన ఒక అధ్యయనం చెబుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ సర్జన్ అమీర్ ఘఫేరీ, సహచరులు 84,730 మంది శస్త్రచికిత్స రోగుల వివరాలు తిరగేశారు. మరణాలు ఎక్కువున్న ఆస్పత్రుల్లో కాంప్లికేషన్లు కూడా ఎక్కువే ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే రెండు రకాల ఆస్పత్రుల్లోనూ అవి ఇంచుమించు సమానం. మంచి ఆస్పత్రుల్లో నూటికి 26.9, చెడ్డవాటిలో 24.6. తేడా అంతా ఆ తర్వాతే. పెద్ద కాంప్లికేషన్ వచ్చినవాళ్లలో చనిపోయింది మొదటి రకంలో నూటికి 12.5 మంది, రెండో రకంలో 21.4 మంది. అంటే రక్తస్రావం, ఇన్ఫెక్షన్, న్యుమోనియా అన్నిచోట్లా వస్తున్నాయి. కొన్నిచోట్ల వాటిని పసిగట్టి రోగిని లాక్కొస్తున్నారు, కొన్నిచోట్ల తెల్లారేదాకా ఆగుతున్నారు.

ముప్పై నాలుగు మంది, ఒకే రోజు

2022 ఆగస్టు 25. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాస్పత్రిలో కు.ని. ఆపరేషన్ల శిబిరం. ఆ ఒక్కరోజే 34 మంది మహిళలకు లాపరోస్కోపీ పద్ధతిలో, మన ఆస్పత్రుల భాషలో డీపీఎల్, ఆపరేషన్లు చేశారు. పొట్టకు చిన్న గాట్లే, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. మర్నాటి నుంచి కొందరికి వాంతులు, విరేచనాలు. నలుగురు చనిపోయారు. మిగతా 30 మందిని హడావుడిగా నిమ్స్‌కీ, ఒక కార్పొరేట్ ఆస్పత్రికీ తరలించారు. ఇన్ఫెక్షన్ నియంత్రణలో లోపాలున్నాయని ప్రభుత్వ విచారణ తేల్చింది.

వాంతులూ విరేచనాలూ అంటే ఇంట్లోవాళ్లకు తిండి పడలేదనే తోస్తుంది. మొదట్లో అధికారులు కూడా దాన్ని గ్యాస్ట్రోఎంటరైటిస్ అనే అన్నారు. కానీ పొట్టకు గాటు పడిన రెండో రోజు, మూడో రోజు వాంతులు, కడుపుబ్బరం, నాడి నూరు దాటి దిగకపోవడం కనిపిస్తే సర్జన్ అనుమానించాల్సింది వేరే. పొట్టలోపల ఇన్ఫెక్షనో, పరికరం తగిలి పేగుకు చిల్లు పడటమో. పేగు గాయం చాలాసార్లు ఆపరేషన్ టేబుల్ మీద బయటపడదు. రెండు మూడు రోజుల తర్వాత, అప్పటికే ఇంట్లో మంచం మీద ఉన్న మనిషిలో బయటపడుతుంది. సాయంత్రానికే ఇంటికి పంపే ఆపరేషన్లలో ఉన్న మెలిక ఇదే. మనిషి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ అంతా బాగుంటుంది.

ఇక ఆ పరికరం సంగతి. లాపరోస్కోప్‌ను ఒకరి తర్వాత ఒకరికి వాడుతున్నప్పుడు మధ్యలో కడిగి, 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం 20 నిమిషాలు నానబెట్టాలి. శిబిరాల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టిన పరిమితి, మూడు లాపరోస్కోపులున్న ఒక బృందానికి రోజుకు 30 ఆపరేషన్లు, అంటే ఒక్కో స్కోపుకు పది. ఈ లెక్క ఊరికే పెట్టింది కాదు, ఆ నానబెట్టే నిమిషాలు పట్టించుకుంటే గడియారం ఒప్పుకొనే లెక్క. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. అప్పుడు పదమూడు మంది మహిళలు చనిపోయారు. 2016 సెప్టెంబరులో దేవికా బిస్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ శిబిరాలను మూడేళ్లలో ఆపేయమని చెప్పింది. ఇబ్రహీంపట్నం జరిగింది ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు.

ఒక్క కాగితం పని

ఇలాంటివి ఆపడానికి ఖరీదైన యంత్రాలే కావాలా? 2007 అక్టోబరు నుంచి 2008 సెప్టెంబరు వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎనిమిది నగరాల్లో ఒక కాగితాన్ని పరీక్షించింది. మహారాష్ట్ర మూలాలున్న బోస్టన్ సర్జన్ అతుల్ గవాండే దానికి సారథి. లండన్, టొరంటో, సియాటిల్ వంటి ధనిక నగరాలతో పాటు టాంజానియాలోని ఇఫకారా, మన ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ ఆస్పత్రి కూడా అందులో ఉన్నాయి. కాగితం మీద ఉన్నవి 19 అంశాలే. మత్తు ఇచ్చే ముందు కొన్ని, గాటు పెట్టే ముందు కొన్ని, రోగిని థియేటర్ నుంచి బయటికి తీసుకెళ్లే ముందు కొన్ని. పేషెంటు పేరేంటి, ఆపరేషన్ ఏ వైపు, ఏ మందు పడదు, గాటుకు గంట ముందు లోపల యాంటీబయాటిక్ వేశారా, లోపల పెట్టిన గుడ్డలూ సూదులూ లెక్క సరిపోయాయా. అన్నీ గట్టిగా, అందరికీ వినపడేలా. ప్రధాన ఆపరేషన్ల తర్వాత మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 నుంచి 7కి తగ్గాయి.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కానీ కెనడాలోని ఒంటారియోలో ఈ చెక్‌లిస్టును ఒక్కసారిగా అన్ని ఆస్పత్రుల్లో తప్పనిసరి చేశారు. 101 ఆస్పత్రుల లెక్కలు తీసి 2014లో చూస్తే చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. కాగితం నింపడం మాత్రం దాదాపు నూటికి నూరు శాతం జరిగినట్టు రికార్డులు చూపించాయి! మన ఆస్పత్రుల్లో కేస్ షీటు వెనక పిన్ను చేసిన చెక్‌లిస్టు ఎప్పుడు నిండుతుందో థియేటర్ సిబ్బందిని పక్కకు పిలిచి అడిగితే నవ్వుతారు. తనిఖీ బృందం వచ్చే ముందురోజు ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో అన్ని షీట్ల మీదా టిక్కులు పడటం కొత్త సంగతేమీ కాదు.

గవాండే కాగితంలో అందరూ తేలిగ్గా తీసుకునే అంశం ఒకటుంది. గాటు పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, పని చెప్పుకోవాలి. పెళ్లిచూపుల పరిచయాల్లా ఉందని చాలామంది సీనియర్లకు విసుగు. కానీ ఒకసారి నోరు విప్పి పేరు చెప్పిన నర్సు, ఆ తర్వాత ఏదైనా తేడాగా కనిపిస్తే మళ్లీ నోరు విప్పుతుంది. చెక్‌లిస్టు గుట్టంతా అందులోనే ఉంది.

నోరు విప్పకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో ఎలైన్ బ్రోమిలీ కేసు చూపించింది. 2005 మార్చి 29న ఆమె సైనస్ సంబంధమైన చిన్న ఆపరేషన్‌కి వెళ్లారు. వయసు 37, ఇద్దరు పిల్లల తల్లి. మత్తు ఇచ్చాక గొంతులోకి గాలిగొట్టం దిగలేదు. ఒంట్లో ఆక్సిజన్ పడిపోయింది. గదిలో అనుభవజ్ఞులైన డాక్టర్లు ముగ్గురు. గొట్టం దించడానికి ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఒక నర్సు మెడ దగ్గర రంధ్రం చేసి ఊపిరి అందించే ట్రెకియాస్టమీ కిట్టు తెచ్చి, తెచ్చానని చెప్పింది కూడా. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో నర్సు ఐసీయూకి ఫోన్ చేసి బెడ్ సిద్ధం చేయమంది. డాక్టర్లు చూసిన చూపుకు, తనదే తొందరపాటు అనుకుని వద్దని చెప్పేసింది. పదమూడు రోజుల తర్వాత ఎలైన్ చనిపోయారు. ఆమె భర్త మార్టిన్ పైలట్. విమానం కూలితే ఎవరిని జైల్లో వేయాలని కాకుండా ఎందుకు కూలిందని అడిగే వృత్తి ఆయనది. ఆస్పత్రినీ అదే అడిగారు. 2007లో క్లినికల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్ గ్రూప్ పెట్టి, కంగారులో మనిషి మెదడు ఒకే దారి పట్టుకుని ఎలా వేలాడుతుందో డాక్టర్లకు వివరిస్తూ వచ్చారు.

మన థియేటర్లలో ‘సార్, కిట్టు ఇక్కడుంది’ అని రెండోసారి అనగల సిస్టర్లు ఎందరున్నారు? అన్నాక కసురు పడకుండా ఉండే చోట్లు ఎన్ని?

పళ్ల డాక్టర్ కుర్చీలో

పెద్దాపరేషన్ అంటే ఊరంతా కదులుతుంది. పన్ను పీకించుకోవడానికి మాత్రం బజారుకెళ్లినట్టు వెళ్లొస్తారు. నిజమే, అక్కడ ప్రాణం మీదికొచ్చేది అరుదు. వచ్చే ఇబ్బందుల్లో చాలావాటిని ముందే తప్పించవచ్చు కూడా.

పళ్ల కుర్చీలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది కళ్లు తిరిగి పడిపోవడం. దానికి సగం కారణం మనవాళ్ల అతిజాగ్రత్త. ఏదో ఆపరేషన్ అన్నారుగా అని పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా వస్తారు. సూది చూడగానే భయం, ఖాళీ కడుపు, ఎండలో ఆటోలో వచ్చిన నీరసం. చిగురుకు తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి చేసే పనికి, వేరే ఏమీ చెప్పకపోతే, టిఫిన్ తిని, బీపీ షుగర్ మాత్రలు వేసుకునే వెళ్లాలి. పూర్తి మత్తు ఇచ్చే ఆపరేషన్‌కి దీనికి సరిగ్గా వ్యతిరేకం. తేలికపాటి ఆహారానికి ఆరు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు ఎడం ఉండాలి. పాలు ఈ లెక్కలో నీళ్ల కింద రావు. ‘ఒక్క గుక్క కాఫీయే కదా’ అని థియేటర్ బయట దాచిపెట్టిన మాట మత్తులో కడుపులోంచి ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది.

ఆ తిమ్మిరి ఇంజెక్షన్ లిగ్నోకైన్. మన దగ్గర ఎక్కువగా వాడేది 2 శాతం మందు, కాస్త అడ్రినలిన్ కలిపింది. మనిషి బరువును బట్టి దానికో గరిష్ఠ మోతాదుంది. అడ్రినలిన్ కలిపినదైతే కిలోకు 7 మిల్లీగ్రాములు. పదిహేను కిలోల పిల్లాడికీ ఎనభై కిలోల తండ్రికీ ఒకే సిరంజితో సరిపెట్టడం కుదరదు. సూది దించాక పిస్టన్‌ను ఒకసారి వెనక్కి లాగి, రక్తం రావడం లేదని చూసుకున్నాకే మందు తోయాలి. నేరుగా రక్తనాళంలోకి పోతే పెదాల చుట్టూ చీమలు పాకినట్టు, చెవిలో హోరు, ఆ తర్వాత ఫిట్స్ కూడా రావచ్చు. రెండు సెకన్ల పని అది. బాగా చేసే డాక్టరు చేతిలో చూస్తే తెలుస్తుంది, మాట్లాడుతూనే బొటనవేలు వెనక్కి జరుపుతారు.

పన్ను వచ్చేసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డే కట్టు. దాని కిందే కొత్త కణజాలం పుడుతుంది. నోట్లో పెట్టిన దూదిని అరగంట, ముప్పావుగంట గట్టిగా కరిచి పట్టుకోమనేది అందుకే. కానీ మనకు నోట్లో ఉప్పగా తగిలితే ఉమ్మకుండా ఉండటం రాదు. ఉమ్మితే గడ్డ కదులుతుంది, మళ్లీ రక్తం, మళ్లీ ఉమ్మడం. ఇంటికెళ్లగానే పెద్దవాళ్లు ఉప్పునీళ్లు పుక్కిలించమంటారు. మంచి సలహాయే, మర్నాడు అయితే. మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు, స్ట్రాతో కొబ్బరిబొండం పీల్చకూడదు, బీడీ సిగరెట్ జోలికి అసలే పోకూడదు. గడ్డ ఊడిపోతే ఎముక గాలికి బయటపడుతుంది. మామూలు నొప్పి రోజురోజుకీ తగ్గాలి. ఇది రెండో రోజో మూడో రోజో మొదలై చెవిదాకా గుంజుతుంది. డ్రై సాకెట్ అంటారు. అన్ని పళ్లకూ కలిపి చూస్తే నూటికి రెండు నుంచి ఐదు, కింది జ్ఞానదంతాలకు అంతకు ఎన్నో రెట్లు. డాక్టరు గుంట కడిగి మందు కూరితే గంటల్లో ప్రాణం తెరిపిన పడుతుంది. ఇంట్లో లవంగనూనె పోసుకుంటూ వారం భరించడం వృథా బాధ.

వాపు సంగతి వేరు. పన్ను పీకాక దవడ వాపు రెండు మూడు రోజులు పెరిగి తర్వాత తీయడం మామూలే. కానీ గడ్డం కింద రెండు వైపులా గట్టిగా ఉబ్బి, నాలుక పైకి లేచినట్టయి, ఉమ్మి మింగడం కష్టమై, గొంతు మారితే అది లుడ్‌విగ్స్ ఆంజైనా కావచ్చు. జర్మన్ డాక్టర్ లుడ్‌విగ్ 1836లో వివరించిన జబ్బు. కింది దవడ పంటి చీము మెడలోకి దిగి ఊపిరిగొట్టాన్ని నొక్కేస్తుంది. ఇది తెల్లారాక క్లినిక్ తెరిచేదాకా ఆగే వాపు కాదు. మెడికల్ షాపులో మాత్ర అడిగే వాపు అసలే కాదు, రాత్రైనా సరే పెద్దాస్పత్రికి పరుగెత్తాల్సిందే.

ఇంట్లోనే మొదలయ్యే చెక్‌లిస్టు

గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి పన్ను పీకించుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే ఎకోస్ప్రిన్ ఆపాలా? చాలామంది ఎవరినీ అడక్కుండా వారం ముందే ఆపేసి వస్తారు. కొన్ని క్లినిక్‌లలోనూ ఆపి రమ్మంటారు. ఒకటి రెండు పళ్లు పీకడానికి దాన్ని ఆపక్కర్లేదన్నది ఇప్పుడు స్థిరపడిన మాట. కాస్త ఎక్కువసేపు కారే రక్తాన్ని కుట్టుతో, దూదితో ఆపవచ్చు. స్టెంట్‌లో గడ్డకట్టిన రక్తాన్ని పళ్ల డాక్టర్ ఆపలేరు. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు వాడే ఎసిట్రోమ్ మాత్రల సంగతి ఇంకా సున్నితం. ఆపేముందు రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించి, గుండె డాక్టర్‌ను అడగాలి. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకు పన్ను పీకడానికి అరగంట నుంచి గంట ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ వేసుకోమంటారు, నోటి బ్యాక్టీరియా రక్తంలో తేలి ఆ కవాటం మీద గూడు కట్టకుండా. పెన్సిలిన్ పడనివాళ్లకు వేరే మందు ఉంది. కానీ కవాటం సంగతి చెబితేనే ఇవన్నీ. చాలామంది చెప్పరు. పంటికీ గుండెకీ ఏం సంబంధం అనుకుంటారు. ఎముకల బలానికి ఏడాదికోసారి ఎక్కించుకున్న జోలెడ్రోనిక్ యాసిడ్ సంగతైతే మరిచేపోతారు. ఆ మందు వాడినవాళ్లలో కొందరికి పన్ను పీకిన చోట దవడ ఎముక మానక చచ్చుబడుతుందని 2003 నుంచీ వైద్యులకు తెలుసు.

షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఇప్పుడు ఇంటింటా ఉన్నాయి. పెద్దాపరేషన్‌కి మూడు రోజుల ముందే వీటిని ఆపాలి. లేకపోతే పస్తు సమయంలో రక్తం ఆమ్లమయం కావచ్చు. తమాషా ఏంటంటే షుగర్ రీడింగ్ పెద్దగా పెరగదు, అందుకే త్వరగా దొరకదు. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవరులో వేసి తీసుకెళ్లడం మేలు. ‘తెల్ల మాత్ర, చిన్న మాత్ర’ అంటే ఏ డాక్టరూ కనిపెట్టలేడు.

ఆపరేషన్ తర్వాత పథ్యం మన ఇళ్లలో ఇంకో పెద్ద అధ్యాయం. పప్పు తింటే చీము పడుతుందని కందిపప్పు మానేస్తారు. గుడ్డు వేడి, వంకాయ దురద, పెరుగు జలుబు. మిగిలింది చారన్నం. గాయం మానడానికి కావాల్సింది ప్రొటీన్, అది ఎక్కువగా దొరికేది ఆ పప్పులో, గుడ్డులో, పెరుగులో. డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నవి తప్ప మిగతావన్నీ పెట్టాలి. చీము పడేది షుగర్ అదుపు తప్పినా, కుట్ల మీద చేయి పెట్టినా, పొగ తాగినా. మంచం దిగనివ్వకపోవడం కూడా అలాంటి అతిజాగ్రత్తే. మోకీళ్లు మార్పించుకున్నవాళ్లను వీలైతే అదే రోజు, లేదంటే మర్నాడు నడిపించేది పిక్కల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోకుండా.

ఇంజెక్షన్ వేసిన నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, మొహం ఉబ్బడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్. చిన్న క్లినిక్‌లలో, ఆర్ఎంపీల దగ్గర ఇప్పటికీ చేయి ముందు ఎవిల్, డెకడ్రాన్‌ల మీదికే పోతుంది. అవి చాలవు, ఆలస్యంగా పనిచేస్తాయి. మొదటి మందు అడ్రినలిన్. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, అంటే అర ఆంపూల్, తొడ కండరంలోకి, వెంటనే. ఎవరికైనా ఇంజెక్షన్ ఇచ్చే చోట అది సొరుగులో ఉండాలి, గడువు తీరకుండా.

సంతకానికి ముందు

1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలో గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. బయటికొచ్చాక నడుము కింది భాగం పడిపోయింది. ఇరవై ఏళ్ల కుర్రాడు జీవితాంతం చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. కేసు ఏళ్ల తరబడి సాగి 2009 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అతను తన కేసు తానే వాదించుకున్నాడు. గడ్డ వెన్ను దాకా పాకి ఉండవచ్చన్న అనుమానానికి న్యూరోసర్జన్‌ను ముందే కలుపుకోలేదనీ, రోగి ఒప్పుకున్నది ముక్క పరీక్షకే తప్ప గడ్డ మొత్తం తీయడానికి కాదనీ కోర్టు అంది. పరిహారం కోటి రూపాయలు, పైన వడ్డీ. అంతకు ఏడాది ముందు సమీరా కోహ్లీ కేసులో ఇదే కోర్టు ఇంకో గీత గీసింది. ఒక పరీక్షకు తీసుకున్న అనుమతితో, మత్తులో ఉన్న మహిళ గర్భసంచి తీసేయకూడదు. ప్రాణాపాయం లేనప్పుడు తల్లి సంతకం పెట్టినా చెల్లదు.

సంతకం పెట్టించుకోవడం మన ఆస్పత్రుల్లో ఒక నర్సు, ఒక పెన్ను, ఇంగ్లీషులో నాలుగు పేజీలు. చదివి చెప్పేవాళ్లుండరు, అడిగితే ‘ఇంతే అమ్మా, అందరూ పెడతారు’ అంటారు. అక్కడ అడగాల్సిన ప్రశ్న ‘రిస్క్ ఉందా?’ కాదు, దానికి ఎప్పుడూ ‘కొంచెం’ అనే జవాబొస్తుంది. ఈ ఆపరేషన్‌కి ఎక్కువగా వచ్చే తేడా ఏంటి, అది ఎన్నో రోజున కనబడుతుంది, ఎలా కనబడుతుంది అని అడగాలి. పళ్ల క్లినిక్‌లోనైతే, పరికరాలు వచ్చిన కవరును కళ్లముందు చింపమని అడగవచ్చు. ఆటోక్లేవ్‌లో వేసిన కవరు మీది గుర్తు ఆవిరి తగిలాక రంగు మారుతుంది. మారని కవరు కనిపిస్తే లేచిపోవచ్చు, మొహమాటం అక్కర్లేదు.

డిశ్చార్జి చీటీ చివర మూడక్షరాలుంటాయి. ‘రివ్యూ ఎస్.ఓ.ఎస్.’ అవసరమైతే రండి అని దానర్థం. అవసరమంటే ఏంటో మాత్రం ఎక్కడా రాయరు. వంద దాటిన జ్వరం రెండో పూటా తగ్గకపోతే, నొప్పి నిన్నటికన్నా ఇవాళ పెరిగితే, పొట్ట ఉబ్బి గ్యాస్ పోకపోతే, కుట్ల నుంచి చీమో దుర్వాసనో వస్తే, ఒక కాలు ఉన్నట్టుండి వాచితే, ఆయాసం వస్తే... ఇంత తెలుగు ఒక రబ్బరు స్టాంపు మీద పడుతుంది. ఆ చీటీ మీద ఒక ఫోన్ నంబరూ ఉంటుంది. రాత్రి రెండు గంటలకు దాన్ని ఎవరు ఎత్తుతారో డిశ్చార్జి రోజే అడిగి, వీలైతే అక్కడే ఒకసారి మోగించి చూసుకోవాలి. చాలాచోట్ల అది బిల్లింగ్ కౌంటర్ నంబరు.